తాళం చూపిన పేరు

జహీరాబాద్,
8 జులై 2024

చిరంజీవి నాగరాణికి,

మేనమామ విరూపాక్ష ఆశీస్సులు. ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని విసుక్కోకు. నా కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి పెట్టిన మిషన్ ఫోన్ దగ్గరికి తేగానే ఈల వేస్తుంది. మెసేజ్ పెడితే నువ్వు రెండు ముక్కల్లో తిట్టి ఊరుకుంటావు. ఉత్తరమైతే తిట్టినా వివరంగా తిడతావు. ముప్పై రెండేళ్లు పోస్టాఫీసులో ఊరందరి ఉత్తరాలు ముట్టుకున్నవాణ్ణి, నా అవసరానికి ఒకటి రాసుకుంటే తప్పు లేదు కదా.

అడగాలంటే సిగ్గుగానే ఉంది. పోయినసారి ఈ విషయంలో నిన్ను పిలిచినప్పుడు ఏమైందో నేను మరిచిపోలేదు. అయినా నువ్వు తప్ప గతి లేదు.

మన రక్తదాతల మండలికి నువ్వు ఎంసీఏ చదివే రోజుల్లో కట్టిపెట్టిన పట్టిక ఉంది చూడు, ఇరవై ఏళ్లుగా అందరూ అందులోనే ఉన్నారు. పేరు, ఊరు, రక్తం గ్రూపు, ఫోన్ నంబరు, చివరిసారి ఎప్పుడిచ్చారు. నాలుగు వేల ఆరు వందల మంది అయ్యారు. అది ఉన్న కంప్యూటర్ మండలి ఆఫీసుగా వాడే మన ఇంటి ముందుగదికి వెనక, లోపలి గదిలో, ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఇక అది ఎన్నాళ్లో బతకదన్నారు. కొత్తది తెచ్చాం. కొత్తదానికి నీ పాత ఫైలు నచ్చడం లేదు, ముందు కొత్త రకంలోకి మార్చుకు రమ్మంటోంది. మార్చబోతే పాతది ఒప్పుకోదు. ఎవరో ఈ ఫైలును వాడుతున్నారు, తాళం పడి ఉంది అని ఒకటే మాట. నిన్న ఆదివారం మండలి మీటింగులో అందరి ముందూ నాలుగుసార్లు అదే మాట చెప్పింది. అల్లం వ్యాపారం చంద్రప్ప, ఇప్పుడాయనే మా అధ్యక్షుడు, "మీ కోడలు పిల్ల తాళమేసి చెవి సోలాపూర్ తీస్కపోయిందా ఏంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కౌంటర్ దగ్గర కూర్చునే తహ్రీమ్ చాలా కష్టపడింది పాపం. తాజ్ బేగం కూతురు, ఐదేళ్లుగా మన దగ్గరే పని చేస్తోంది. రాయికోడ్ నుంచో న్యాల్‌కల్ నుంచో ఎవరికి రక్తం కావాలన్నా ఫోనెత్తేది ఆ పిల్లే. నాకు మోకాళ్లు సహకరించడం లేదు, మెట్లు దిగడం తగ్గించాను. మేడ మీద నా కుర్చీలో కూర్చుని పట్టిక చూసుకుని, పేర్లు చీటీ మీద రాసి, తాడు కట్టిన బుట్టలో కిందికి దించుతాను. ఆ పిల్ల చీటీ తీసుకుని బుట్టలో ఒక్కోసారి బిస్కెట్లు పెట్టి పంపుతుంది. మీ అత్తకు తెలియనివ్వకు, నాకు షుగరుంది.

ఏం చేయాలో మెల్లగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు రాయి. గోడకు అంటించుకుంటాను.

మనవరాలు దీక్షితకు దీవెనలు.
మామ


సోలాపూర్,
14 జులై 2024

మామా,

నమస్కారం. ఆ ప్రోగ్రాం ఇంకా బతికుందంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. ఇరవై ఏళ్ల వయసులో రాసినది. తెరవగానే నా పేరు పెద్ద అక్షరాల్లో వచ్చేట్టు పెట్టుకున్నాను, అది ఇంకా వస్తోందా? తీసేయమని చెప్పాలి, తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఇక్కడ దవాఖానలో రికార్డుల సెక్షన్ అంతా నా మీదే పడింది. ఊపిరాడటం లేదు. నీ ఉత్తరం బస్సులో గబగబా చదివాను. సూటిగా విషయానికి వస్తాను.

నీ పట్టిక ఒక ఫైలు. దాన్ని ఎవరైనా తెరవగానే పక్కనే, అదే పేరుతో, ఇంకో చిన్న ఫైలు పుడుతుంది. అదే తాళం. లోపల ఉన్నవాళ్లలో చివరివాళ్లు బయటికి రాగానే దానంతటదే మాయమవుతుంది. గడప బయట చెప్పులు ఉంటే లోపల మనిషి ఉన్నట్టే కదా, ఇదీ అంతే. అది ఉన్నంతసేపూ ఫైలు మారదు, ఎందుకంటే మార్చేటప్పుడు లోపల ఒక్కరే ఉండాలి.

ఆదివారం, ఎవరూ లేనప్పుడు, కౌంటర్ దగ్గరి కంప్యూటర్ పూర్తిగా ఆర్పేయి. లోపలి గదిలో ఆ చిన్న ఫైలు ఉందో లేదో చూడు. లేకపోతే అదృష్టం, మార్చెయ్. ఉంటే మాత్రం చెరిపేయబోకు. లోపల ఎవరో ఉండగా చెరిపితే పట్టిక చెడుతుంది. కాపీ తీసి ఆ కాపీని మారుద్దామని మీ చంద్రప్ప అంటాడేమో, అదీ వద్దు. ఎవరో రాస్తుండగా తీసిన కాపీలో సగం సగం వరసలు వస్తాయి. నోట్‌ప్యాడ్‌లో ఆ చిన్న ఫైలు తెరిచి, లోపల ఏ అక్షరాలు కనిపిస్తే అవి కాగితం మీద రాసి పంపు. తాళం వేసిన కంప్యూటర్ పేరు అందులో ఉంటుంది.

మోకాళ్లకు నువ్వుల నూనె రాసుకో. అత్తను అడిగానని చెప్పు.

నాగరాణి


జహీరాబాద్,
22 జులై 2024

చిరంజీవి రాణమ్మకు,

ఆశీస్సులు. నువ్వు చెప్పినట్టే పొల్లు పోకుండా చేశాను. నిన్న ఆదివారం, ముసురు పట్టింది, ఆఫీసుకు ఎవరూ రాలేదు. మీ అత్త చుట్టాలింటికి బీదర్ పోయింది. కౌంటర్ దగ్గరిది నా చేత్తో ఆర్పాను. లోపలి గదిలో కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే నువ్వన్న చిన్న ఫైలు అక్కడే ఉంది. చాయ్ తాగి వచ్చి చూశాను, ఉంది. మధ్యాహ్నం రొట్టె తిని, కాసేపు కునుకు తీసి మళ్లీ దిగి చూశాను, ఉంది. మోకాళ్లు నన్ను బూతులు తిట్టాయి.

తెరిచి చూస్తే మధ్యలో ఏవో పిచ్చి గుర్తులు, వాటి మధ్య ఇంగ్లిషు అక్షరాల్లో తహ్రీమ్ అని, ఒక అడ్డగీత, తర్వాత పీసీ అని ఉంది. ఇంకే పేరూ లేదు. పిల్ల ఇంట్లో కూర్చుని కూడా మన పనే చేస్తోందా అని నవ్వొచ్చింది. దీనికి అర్థం ఏమిటో నువ్వే చెప్పాలి.

నీ పేరు ఇంకా వస్తోంది. నేనే తీయనివ్వలేదు. అది చూడందే నాకు తెల్లవారదు.

మామ


సోలాపూర్,
27 జులై 2024

మామా,

ఇది నవ్వే విషయం కాదు.

కౌంటర్ దగ్గర కంప్యూటర్ ఆరి ఉంది. ఆఫీసుకు సెలవు. అయినా తహ్రీమ్ పేరున్న మిషన్ మీ పట్టికను తెరిచి పెట్టుకుని ఉంది. అంటే ఆ అమ్మాయి వేరే ఎక్కడి నుంచో తెరుస్తోందన్నమాట. ఈ కాలంలో అది పెద్ద పనేమీ కాదు. నాలుగు వేల ఆరు వందల మంది ఫోన్ నంబర్లు ఆదివారం పూట ఆమెకు ఎందుకు? అందులో ఆడపిల్లలవి ఎన్ని ఉంటాయి?

నేను ఊరికే అనడం లేదు. పోయిన నెల ఇక్కడ మా దవాఖానలోనే ఒక గుమస్తా రోగుల నంబర్లు బయటివాళ్లకు ఇచ్చి దొరికిపోయాడు. రోజూ నవ్వుతూ నమస్తే పెట్టేవాడు. విచారణలో నన్ను కూడా రెండు రోజులు కూర్చోబెట్టారు, నువ్వెందుకు చూసుకోలేదని. ఆ రెండు రోజులూ తల ఎత్తలేకపోయాను.

మనుషులు అబద్ధం చెప్పొచ్చు మామా, తాళం చెప్పదు. అందులో ఉన్న పేరు ఉన్నట్టే. నువ్వు మెత్తని మనిషివి, నాలుగు బిస్కెట్లకు కరిగిపోతావు. ఆమెను గట్టిగా అడుగు. ఒప్పుకుని మూసేస్తే ఫైలు ఆ రోజే మారుతుంది.

నాగరాణి


జహీరాబాద్,
5 ఆగస్టు 2024

చిరంజీవి నాగరాణికి,

నువ్వు చెప్పినట్టే జరిగింది. జరిగినది నాకేం బాగా అనిపించలేదు.

మండలిలో ఒక ఆచారం ఉంది, పెట్టింది నేనే. నెల మొదటి ఆదివారం మీటింగులో, అప్పటిదాకా వచ్చిన ఉత్తరాలన్నీ అందరి ముందూ చదవాలి. పోస్టాఫీసువాణ్ణి కదా, ఎవరికి వచ్చిన మాట వాళ్లు దాచుకోకూడదని పెట్టాను. నిన్నటి మీటింగులో నీ ఉత్తరం కూడా ఆ కట్టలో పెట్టాను. అధ్యక్షుడు చంద్రప్ప చదివాడు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా. తహ్రీమ్ చాయ్ గ్లాసులు పంచుతూ అక్కడే ఉంది.

ఆ పిల్ల ముందు అర్థం చేసుకోలేదు. తర్వాత గ్లాసుల పళ్లెం బల్ల మీద పెట్టి, "సార్, ఆ ఆదివారం నేను అమ్మీని కండ్ల దవాఖానకు తీస్కపోయిన. నాకు ఇంట్ల కంప్యూటరే లేదు. గా లిస్టు నాకెందుకు?" అంది.

"మరి నీ పేరెట్ల వచ్చింది? గా తాళం అబద్ధమాడ్తదా? సదువుకున్న పిల్ల రాసింది," అన్నాడు చంద్రప్ప. "నంబర్లు ఎవరికిచ్చినవో చెప్పు. లేకుంటే తాళంచెవి ఆడ పెట్టి పో."

నా వైపు తిరిగి ఏదో అడిగింది. నాకు వినపడలేదు. మిషన్ సరిగ్గా పట్టలేదేమో. నేను ఏమిటని అడిగేలోపే ముందుగది తాళంచెవి బల్ల మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. చాయ్ అలాగే చల్లారింది.

ఇంతకీ విచిత్రమేమిటంటే, ఇవాళ పొద్దున చూస్తే తాళం ఫైలు ఇంకా అక్కడే ఉంది. అదే పేరు. చంద్రప్ప వచ్చి కౌంటర్ కంప్యూటర్ వైరే పీకేశాడు. అయినా ఉంది. "సూడు, ఇంటికాడ కూసుండి ఇంకా తెరుస్తనే ఉన్నది, ఎంత మొండితనం" అంటున్నాడు. పోలీసులకు చెప్పాలంటున్నాడు. కొంచెం ఆగమన్నాను. ఆగమనడం తప్పా?

రాత్రి ఫోన్లు ఎవరు ఎత్తాలో తెలియడం లేదు.

మామ


సోలాపూర్,
9 ఆగస్టు 2024

మామా,

నా ఉత్తరం సభలో చదివించావా? అది నీకు రాసింది. నీ ఒక్కడికి. కోపంలో రాసిన మాటలు, ఇంటి మనిషి దగ్గర అనుకునే మాటలు. ఆ అమ్మాయి చెవిన పడతాయని తెలిస్తే అలా రాస్తానా? ఎందుకు ఇచ్చావని నిన్ను తిడదామని కలం పట్టుకున్నాను. తెలిస్తే రాయను అంటున్నానంటే రాయకూడనిదే రాశానని కదా. అక్కడే కలం ఆగింది.

పోలీసుల మాట ఎత్తవద్దని చంద్రప్పకు చెప్పు. నా మాటగా చెప్పు.

నాకిప్పుడు వేరే భయం పట్టుకుంది. ఆమెకు ఇంట్లో కంప్యూటరే లేదంది. మీ ఆఫీసు ఫైలు బయటి నుంచి తెరవాలంటే ముందు ఇంటర్నెట్‌తో దారి కట్టి ఉండాలి, అసలు మీ లోపలి గది కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఉందా? ఈ మాట నేను ముందే అడగాల్సింది. పది నిమిషాల పని. అడగలేదు.

రెండు పనులు చెయ్. ఒకటి, కౌంటర్ దగ్గరి కంప్యూటర్ మళ్లీ పెట్టి, దాని సెట్టింగుల్లో దాని పేరేమిటో చూసి రాయి. రెండు, లోపలి గది కంప్యూటర్ నుంచి వైర్లు ఎటు పోతున్నాయో చేత్తో పట్టుకుని చివరిదాకా పో. ఊహించి రాయకు, పట్టుకుని పో.

నాగరాణి


జహీరాబాద్,
14 ఆగస్టు 2024

నాగరాణికి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

లోపలి గది కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేదు. ఎప్పుడూ లేదు. కౌంటర్ దగ్గరిది రెండేళ్ల కింద చంద్రప్ప కొనిచ్చినది. దాని పేరు ఏవో అక్షరాలు, అంకెలు, కంపెనీవాళ్లు పెట్టినట్టుంది. తహ్రీమ్ పేరు దాంట్లో ఎక్కడా లేదు.

తర్వాత వైరు పట్టుకున్నాను. లోపలి గది నుంచి రెండు పోతున్నాయి. ఒకటి కౌంటర్‌కు. రెండోది కిటికీ చువ్వల సందులోంచి బయటికి వెళ్లి, గోడ వెంట పైకెక్కింది. నేనూ మెట్లెక్కాను. అది మా మేడ మీదికి వచ్చి, నా కుర్చీ పక్కన, నేను రోజూ చూసుకునే కంప్యూటర్ వెనక దూరింది.

అది తహ్రీమ్ పాత కంప్యూటర్. ఆమె చేరినప్పుడు ఆమె కోసమే కొన్నాం, అప్పుడు పెట్టినాయన ఆమె పేరే పెట్టి ఉంటాడు. కౌంటర్‌కు కొత్తది రాగానే ఇది పైకి చేరింది. తానే నాకు తుడిచి ఇచ్చింది. డబ్బా నాదయినా లోపలి పేరు ఆమెదే ఉండిపోతుందని నాకు తట్టలేదు.

ఫైలు అందులో తెరిచే ఉంది. నేను దాన్ని ఎప్పుడూ మూయను. తెర మాత్రం ఆర్పి పడుకుంటాను. కరెంటు పోతే ఆగకుండా కిందా పైనా ఇన్వర్టర్లు పెట్టించాను. ఎప్పుడైనా ఆగినా, రాగానే ముందు దాన్నే తెరుస్తాను. ప్రతి దసరాకు కుంకుమ కూడా పెడతాను. ఎవరైనా అన్నీ మూశావా అని అడిగినా మూశాననే అనేవాణ్ణి. ఇది తెరిచినట్టు నాకు లెక్కే కాదు, ఇంట్లో దీపంలాగా ఎప్పుడూ ఉండేదే కదా.

ఎందుకు మూయనో నీకు గుర్తు లేదేమో. 2006లో పట్టిక తెరిచి ఉండగానే నేను మెయిన్ ఆర్పేస్తే మూడు వందల పేర్లు పోయాయి. నువ్వు హైదరాబాద్ నుంచి వచ్చి మండలివాళ్లందరి ముందూ అన్నావు, "నీకు తెల్వని పని నువ్వెందుకు చేస్తవ్ మామా? తెరిచినదాన్ని ముయ్యకు, ఆర్పకు, దేన్నీ ముట్టుకోకు." నేను ఆ మాట కాగితం మీద రాసుకున్నాను. 'ముయ్యవద్దు - నాగరాణి.' కంప్యూటర్ మారినప్పుడల్లా ఆ కాగితం తీసి కొత్తదానికి అంటించాను. ఇప్పుడూ ఉంది. నీ మీద నెపం పెట్టడానికి రాయడం లేదు. పద్దెనిమిదేళ్లు నీ మాట తప్పలేదని లోలోపల గర్వపడేవాణ్ణి, అది చెబుతున్నానంతే.

ఇంకొకటి కూడా చెప్పాలి. అది నీ ఖాతాలో ఏ కోశానా లేదు. ఆ ఆదివారం తహ్రీమ్ నన్ను అడిగింది నాకు వినపడలేదని రాశాను. వినపడింది. "విరూపాక్ష సార్, మీరు గూడ నమ్ముతున్రా?" అని అడిగింది. నా చెవి మిషన్ మంచిగానే ఉంది. అందరూ నా వైపు చూస్తున్నారు. నీ ఉత్తరం ఒక పక్క, చంద్రప్ప ఒక పక్క. చేత్తో చెవి తడుముకుని వినపడనట్టు నటించాను. చెవిటితనం నాకు అంత పనికొస్తుందని అప్పటిదాకా తెలియదు.

వాళ్ల గల్లీ మలుపు దాకా రెండుసార్లు పోయి తిరిగి వచ్చాను. కంప్యూటర్ ఇంకా మూయలేదు. చేయి రావడం లేదు.

మామ


సోలాపూర్,
19 ఆగస్టు 2024

మామా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. బయటికి వెళ్లి వరండాలో నిలబడాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చి నీ మొదటి ఉత్తరం వెతికి తీశాను. మేడ మీద కూర్చుని పట్టిక చూసుకుంటానని నువ్వు అందులోనే రాశావు. మొదటి రోజే చెప్పావు. మోకాళ్ల సంగతులు, బిస్కెట్ల సంగతులు అని ఆ పేరా దాటేసి చదివాను. నీ ఉత్తరాల్లో నాకు పనికొచ్చే నాలుగు ముక్కలు ఏరుకుని మిగిలింది వదిలేయడం నాకు అలవాటు. ఆ వదిలేసినదాంట్లోనే ఉంది అంతా. దాన్ని చదివి ఉంటే ఒక అమ్మాయి పళ్లెం కింద పెట్టి వెళ్లిపోయేది కాదు.

గడప బయట చెప్పులని నీకు నేనే పాఠం చెప్పాను. చెప్పులు ఎవరివో చూశాను గాని తొడుక్కున్నది ఎవరో అడగలేదు. తాళం అబద్ధం చెప్పదని రాశాను. అది నిజమే చెప్పింది. తప్పు చదివింది నేను. ఈ పనికే నేను జీతం తీసుకుంటున్నాను మామా. ఇక్కడ నన్ను రెండు రోజులు అనుమానంతో కూర్చోబెడితే ఎంత నరకమో తెలిసి కూడా, అదే నరకం ఆ అమ్మాయికి ఒక్క పేజీలో పంపించాను.

2006లో నేనన్నది నాకు గుర్తుంది. నీకు గుర్తుండకూడదని ఇన్నేళ్లూ కోరుకున్నాను. ఆ మాట అప్పుడే వెనక్కి తీసుకుని ఉండాల్సింది. ఇప్పుడు తీసుకుంటున్నాను. ఆ కాగితం పీకెయ్.

ఇందులో ఇంకో కాగితం పెట్టాను. తహ్రీమ్‌కు నా క్షమాపణ. దాన్ని ఆమె చేతికిచ్చి ఊరుకోవద్దు. నిందను ఎక్కడ చదివారో దీన్నీ అక్కడే చదవాలి, అదే మనుషుల ముందు, ఒక్క ముక్క వదలకుండా. ఆచారం నువ్వే పెట్టావు కదా. ముందు ఆమె ఇంటికి పో. మలుపు దగ్గర ఆగకు.

ఫైలు మార్చే పద్ధతి మళ్లీ వెనక వైపు రాశాను. మేడ మీది కంప్యూటర్ మామూలుగా మూసి ఆర్పితే చాలు, తాళం దానంతటదే పోతుంది. ఏమీ చెడిపోదు. చెడిపోతే నాది పూచీ.

నీ
రాణి


జహీరాబాద్,
2 సెప్టెంబర్ 2024

చిరంజీవి రాణమ్మకు,

ఆశీస్సులు. ఈసారి ఏ పేరా దాటేయకుండా చదువు.

మూడోసారి మలుపు దాటాను. తలుపు తాజ్ బేగం తీసింది. కంటికి ఆపరేషన్ అయింది, నల్లద్దాలు పెట్టుకుని ఉంది. తిడుతుందనుకున్నాను. "ఆయియే భాయ్, జర కూసోండ్రి" అని చాయ్ పెట్టిచ్చింది. తిట్టి ఉంటేనే బాగుండేది. మేడ మీద కంప్యూటర్ సంగతి తహ్రీమ్‌కు అంతా చెప్పాను. విన్నది. ఇప్పుడు కండ్లద్దాల దుకాణంలో పనికి కుదిరిందట. మీటింగుకు రమ్మని అడిగితే, "వస్త సార్. పనికైతే రాను," అంది.

నిన్న అందరూ వచ్చారు. నీ కాగితం చదవమంటే చంద్రప్ప కళ్లజోడు మరిచిపోయానన్నాడు. నేనే లేచి చదివాను. నా గొంతు నాకు సరిగ్గా వినపడదు, ఎంత గట్టిగా చదివానో ఏమో, రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారట. అయ్యాక ఇంకో మాట చేర్చాను, అది నీ కాగితంలో లేదు. "ఆ దినం తహ్రీమ్ నన్నడిగింది నాకు ఇనపడ్డది. ఇననట్టు చేసిన. తెరిచిపెట్టింది నేను, మాట పడ్డది ఆ పిల్ల," అన్నాను. చంద్రప్ప లేచి, "నేను గూడ తొందరపడ్డ బిడ్డా" అన్నాడు. నేల చూస్తూ అన్నాడు, కాని అన్నాడు. రెండూ మీటింగు పుస్తకంలో రాయించాను.

"ఫైల్ బంద్ చేసిన్రా సార్?" అని అడిగింది తహ్రీమ్.

"లేదు బిడ్డా. చెయ్యి రాలేదు."

తానే ముందు మెట్లెక్కింది. నీ కాగితం చదివింది, ముయ్యవద్దు అని ఉన్నది. నా వైపు చూసింది. నేనే పీకాను, జిగురు గట్టిపడి మూల చిరిగింది. మూయమంటే మౌస్ నా చేతిలో పెట్టింది. "మీరే ముయ్యండ్రి. నేను ముడితే మళ్ల నా పేరొస్తది," అంది. మూశాను. పద్దెనిమిదేళ్ల తర్వాత మొదటిసారి. తర్వాత ఇద్దరం కిందికి దిగి చూస్తే చిన్న ఫైలు లేదు. నువ్వు రాసినట్టే తహ్రీమ్ మార్చింది. పది నిమిషాలు పట్టింది. నాలుగు వేల ఆరు వందల మందీ కొత్తదాంట్లోకి క్షేమంగా వచ్చారు. నీ పేరు కూడా వచ్చింది. తీయమన్నావని చెప్పాను, నాకు తీయబుద్ధి కాలేదు, ఇంకోసారి అడిగితే చూద్దాం.

అయిపోయింది కదా, మళ్లీ పనిలోకి వస్తుందేమోనని ఆశగా ఆమె ముఖంలోకి చూశాను. "సార్, ఇంకొకటుంది. దానికే వచ్చిన," అంది. నన్ను మళ్లీ మేడ మీదికి తీసుకుపోయి, ఆ కంప్యూటర్ తెరిచి, "దీంట్ల నా పేరు తీసేయండ్రి" అంది.

ఎట్లా తీయాలో ఆమే చూపించింది. పేరు చెరిగి ఖాళీ గడి వచ్చింది, ఏదో ఒకటి పెట్టకుండా ఒప్పుకోదట. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నా పేరు కొట్టాను. ఇక ఏ ఆదివారం ఎవరు ఇక్కడ తెరిచిపెట్టినా ఆ తాళంలో విరూపాక్ష అనే ఉంటుంది. ఉండాల్సిందే.

మెట్ల దగ్గర ఒక మాట అడగాలనిపించింది, భయపడుతూనే అడిగాను. దాతల పట్టికలో ఆ పిల్ల పేరు కూడా ఉంది, ఓ నెగెటివ్, ఐదేళ్లలో తొమ్మిదిసార్లు ఇచ్చింది. "లిస్టుల నుంచి గూడ తీసేయాల్నా?" అన్నాను.

"గదెందుకు సార్?" అంది. "రక్తం ఎవరినేమన్నది? ఫోన్ చేయండ్రి, వస్త."

చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. ఈసారి నాకు ప్రతి మాటా వినపడింది. తాడు బుట్ట ఇంకా కటకటాలకు వేలాడుతూనే ఉంది, విప్పడానికి మనసు రాలేదు. ఇకనుంచి రోజూ సాయంత్రం ఆరు గంటలకు ఫైలు మూసి, మూశానని తేదీ వేసి నోటు పుస్తకంలో సంతకం పెడతాను; నిన్నటిది పెట్టాను.

మామ